కలప కుళ్ళు శిలీంధ్రం – మంచినీటి ఆల్చిప్ప: నత్రజని దృష్టితో ఒక తులనాత్మక పరిశీలన

నిర్మల్ జిల్లాలోని ఖానాపూర్ మండలానికి ఒకవైపు కవ్వాల్ టేకు అడవి, మరొకవైపు గోదావరి ఉన్నాయి. ఈ రెండింటి నడుమ మెట్ట చేలలో పత్తి, మొక్కజొన్న, సదర్మాట్ కాలువ కింద వరి సాగవుతున్నాయి. మేడంపల్లి వద్ద గోదావరిపై 1891-92లో నిర్మించిన సదర్మాట్ ఆనకట్టకు 2018లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ వారసత్వ కట్టడంగా గుర్తింపునిచ్చింది. అడవిలో కూలిన మొద్దును చీకించే శిలీంధ్రం, కాలువ అడుగు బురదలో సగం పూడి ఉండే ఆల్చిప్ప ఈ ప్రాంతపు రైతుకు చిరపరిచితాలు. అయినప్పటికీ వ్యవసాయ శాస్త్ర రచనలలో ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూడడం అరుదు. శిలీంధ్రాన్ని వృక్షరోగ శాస్త్రానికి, ఆల్చిప్పను మత్స్యశాస్త్రానికి మనం పంచి ఇచ్చి ఊరుకున్నాము.

నత్రజని ఇటువంటి పంపకాలను గుర్తించదు. కలప కుళ్ళు శిలీంధ్రం తీవ్రమైన నత్రజని లేమిలో బ్రతుకుతుంది. ఆల్చిప్ప నత్రజని పుష్కలంగా ఉన్న ఆహారాన్ని తిని, మిగులును నీటిలోకి వదులుతుంది. ఒకటి కూడబెట్టేది, మరొకటి వదిలేది. పత్తి కట్టెను ఏమి చేయాలి, వరి మడిలోని నీటిని ఎప్పుడు బయటికి వదలాలి అనే రెండు సేద్యపు ప్రశ్నలకు ఈ ఒక్క భేదం ఏ మేరకు సమాధానం ఇస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు జీవుల బంధుత్వం

వర్షాకాలంలో ఎండు మొద్దులపై తెల్లని చిన్న విసనకర్రల వలె మొలిచే షైజోఫిల్లం కమ్యూన్, గట్టి బల్లల వలె పెరిగే గానోడెర్మా, రంగు వలయాలతో కనిపించే ట్రామెటిస్ కలపను కుళ్ళించే శిలీంధ్రాలలో ముఖ్యమైనవి. సాగులో ఉన్న ముత్యపు చిప్ప పుట్టగొడుగు, అనగా ప్లూరోటస్, కూడా స్వభావరీత్యా కలపపై పెరిగేదే. టోపీ ఆకారాన్ని బట్టి దానికి ఆ పేరు వచ్చింది. మనం పోల్చదలచిన రెండు జీవులకు భాష ముందే చుట్టరికం కలిపింది.

ఆ చుట్టరికం ఆకారంతో ఆగదు. జన్యు ఆధారిత వర్గీకరణ ప్రకారం శిలీంధ్రాలు మొక్కల కంటే జంతువులకు దగ్గర. కనుక టేకు మొద్దుపై పెరిగే శిలీంధ్రానికి ఆ టేకు చెట్టు కన్నా కాలువలోని ఆల్చిప్పయే దగ్గరి బంధువు. రెండూ శక్తిని మొక్కల వలె పిండిపదార్థంగా కాక గ్లైకోజన్ రూపంలో నిలువ చేసుకుంటాయి. శిలీంధ్రపు కణకవచానికి బలమిచ్చే కైటిన్ ఆల్చిప్ప పెంకు నిర్మాణంలోనూ పాలుపంచుకుంటుంది.

ఇంతకన్నా ఆశ్చర్యకరమైన సంగతి జీర్ణక్రియకు సంబంధించినది. జంతువులు చాలావరకు సెల్యులోజును స్వయంగా జీర్ణించుకోలేవు, కడుపులోని సూక్ష్మజీవులపై ఆధారపడతాయి. యూరప్ తీరాలలోని నీలి ఆల్చిప్ప మాత్రం తన సొంత సెల్యులేజ్ ఎంజైమును తయారు చేసుకుంటుంది. ఆ ఎంజైము చెందిన కుటుంబం ప్రధానంగా శిలీంధ్రాలలో కనిపించేది. జపాన్‌లో నది సముద్రంలో కలిసే చోట్ల పెరిగే కార్బిక్యులా గుల్లలో కూడా అటువంటి జన్యువు ఉంది. పూర్వం ఎప్పుడో ఒక శిలీంధ్రపు జన్యువు ఈ జీవుల వంశంలోకి దాటి వచ్చి ఉంటుందని పరిశోధకుల అభిప్రాయం.

మన చెరువులలో, కాలువలలో, నదీ మడుగులలో సాధారణంగా కనిపించే మంచినీటి ఆల్చిప్పలు లామెల్లిడెన్స్, పరేసియా ప్రజాతులకు చెందినవి. లామెల్లిడెన్స్ మార్జినాలిస్ వీటిలో బాగా తెలిసినది. పచ్చి మామిడికాయ చెక్కు తీసే చిప్పగా, తాంబూలంలో గుల్లసున్నంగా ఇది మన ఇళ్ళకు వచ్చింది. చచ్చిన తరువాతి ఉపయోగాలే మన వాడుకలో నిలిచాయి. బ్రతికి ఉండగా అది చేసే పని లెక్కలోకి రాలేదు.

కూడి ఉన్నదానిని విడదీయడం, చెదిరి ఉన్నదానిని కూర్చడం

కలపలో సెల్యులోజు, హెమిసెల్యులోజు కలిసి సుమారు మూడింట రెండు వంతులు, లిగ్నిన్ సుమారు నాలుగో వంతు ఉంటాయి. లిగ్నిన్ అణువులో ఒకే బంధం క్రమంగా పునరావృతం కాదు. అందువల్ల ఒక తాళానికి ఒక తాళంచెవి అన్నట్లు పనిచేసే మామూలు ఎంజైములు దానిపై పనికిరావు. తెల్ల కుళ్ళు శిలీంధ్రాలు పెరాక్సిడేజ్, లాకేజ్ అనే ఆక్సీకరణ ఎంజైములను బయటికి వదిలి లిగ్నిన్‌ను దహించినట్లు విచ్ఛిన్నం చేస్తాయి. ఫానెరోకీటే క్రైసోస్పోరియం అనే శిలీంధ్రంలో లిగ్నిన్ పెరాక్సిడేజ్‌ను 1983లో గుర్తించారు. గోధుమ కుళ్ళు శిలీంధ్రాల పద్ధతి వేరు. అవి ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలయికతో పుట్టే చురుకైన ప్రాతిపదికలతో సెల్యులోజును ముక్కలు చేసి తింటాయి, లిగ్నిన్‌ను చాలావరకు వదిలివేస్తాయి. గోధుమ రంగులో, నలుచదరపు ముక్కలుగా పగిలిన చీకుడు కొయ్య దాని ఆనవాలు. తెల్లబడి పీచు పీచుగా విడిపోయే కొయ్య తెల్ల కుళ్ళుకు గుర్తు.

అన్ని కొయ్యలూ ఒకే తీరున లొంగవు. టేకు చేవలోని టెక్టోక్వినోన్ వంటి పదార్థాలు శిలీంధ్రాన్ని అడ్డుకుంటాయి. అదే టేకులో చేవ దేలని పై కలప త్వరగానే చీకుతుంది. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర తేలికైనది, మెత్తనిది. అటువంటి కొయ్యను బాగా ఎండనివ్వడమే దానికి రక్షణ, ఎందుకంటే తేమ 20 శాతం కన్నా తక్కువ ఉన్న కలపలో శిలీంధ్రం పెరగలేదు. పూర్తిగా నీట మునిగిన కలపలోనూ ఈ శిలీంధ్రాలు పెరగలేవు, అక్కడ వాటికి కావలసిన ప్రాణవాయువు అందదు.

ఆల్చిప్పకు ఎదురయ్యే సమస్య దీనికి సరిగ్గా తలకిందులు. దాని ఆహారం బంధించబడి లేదు, నీటిలో చెదిరి ఉంది. శైవలాలు, బ్యాక్టీరియా, కుళ్ళిన ఆకుల పొడి, బంకమట్టి రేణువులు అన్నీ కలిసి ప్రవహిస్తుంటాయి. మొప్పలపై ఉన్న సూక్ష్మ శైలికల కదలికతో నీటిని లోపలికి లాగి, కొద్ది మైక్రాన్ల పరిమాణం గల రేణువులను సైతం అది పట్టుకుంటుంది. ఎదిగిన ఆల్చిప్ప గంటకు సుమారు ఒక లీటరు నీటిని వడపోస్తుంది. ఈ పరిమాణం వయస్సును, ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. చదరపు మీటరుకు పది ఆల్చిప్పలు ఉన్న కాలువ అడుగు రోజుకు దాదాపు 240 లీటర్లు వడపోసినట్లు. తినదగినది కడుపులోకి పోతుంది. తగనిది జిగురుతో ముద్దకట్టి బయటపడుతుంది. నీటిలో తేలుతూ గోదావరిలోకి కొట్టుకొనిపోవలసిన పోషకాలు ఆ విధంగా అడుగు బురదకు చేరతాయి.

శిలీంధ్రం కదలలేని ఆహారంలోకి తానే తంతువులుగా పాకుతుంది. ఆల్చిప్ప దాదాపు కదలకుండా ఉండి, కదిలే ఆహారాన్ని తన గుండా ప్రవహింపజేసుకుంటుంది.

నత్రజని లెక్క

కలప బరువులో నత్రజని సాధారణంగా 0.03 నుంచి 0.1 శాతం మాత్రమే. కర్బనం దాదాపు సగం. అనగా ఒక పాలు నత్రజనికి అయిదు వందలు మొదలుకొని వేయికి పైగా పాళ్ళ కర్బనం. శిలీంధ్రపు దేహానికి పది, పదిహేను పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని కావాలి. ఈ లోటును అది పలు విధాలుగా పూడ్చుకుంటుంది. ముదిరిన తంతువులను కరిగించి, వాటిలోని నత్రజనిని ఎదిగే కొనలకు పంపుతుంది. మొద్దు నుంచి నేలలోకి తంతువులు చాచి అక్కడి నత్రజనిని మోసుకొస్తుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగు ఇంకొక అడుగు ముందుకు వేసి నులిపురుగులను వేటాడుతుంది. తంతువులు స్రవించే విషంతో నులిపురుగు నిశ్చేష్టమవుతుంది. ఆపై తంతువులు దాని దేహంలోకి చొచ్చుకొనిపోతాయి. 1980వ దశకంలో వెల్లడైన ఈ విషయాన్ని నత్రజని కరువుకు అద్దం పట్టే ఉదాహరణగా భావించవచ్చు.

ఫానెరోకీటే శిలీంధ్రంలో మరొక విశేషం ఉంది. చుట్టూ నత్రజని తగ్గినప్పుడే అది లిగ్నిన్‌ను ఛేదించే ఎంజైములను విడుదల చేస్తుంది. నత్రజని అధికంగా ఉంటే ఆ పని మందగిస్తుంది. ప్లూరోటస్‌లో ఈ నిరోధం అంతగా లేదు. కట్టె త్వరగా కుళ్ళాలని యూరియా ఎంత ఎక్కువ చల్లితే అంత మంచిదన్న అభిప్రాయం సరికాదని దీనినిబట్టి గ్రహించాలి.

ఆల్చిప్ప మాంసంలో అయిదారు పాళ్ళ కర్బనానికే ఒక పాలు నత్రజని ఉంటుంది. అది తినే శైవలాలు, బ్యాక్టీరియా కూడా మాంసకృత్తులు మెండుగా గలవి. శక్తి కోసం వాటిని దహించినప్పుడు మిగిలే నత్రజనిని అది ప్రధానంగా అమ్మోనియా రూపంలో విసర్జిస్తుంది. పారే నీటిలో ఈ అమ్మోనియా వెంటనే పలుచబడుతుంది, శైవలాలు దానిని తిరిగి గ్రహిస్తాయి. ఇంతవరకు ఇబ్బంది లేదు. అయితే అమ్మోనియాను బయటికి నెట్టడానికి అలవాటుపడిన ఈ జీవికి బయటి నీటిలోనే అమ్మోనియా పెరిగితే నెట్టే దారి మూసుకుపోతుంది.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2013లో మంచినీటిలోని అమ్మోనియాకు హద్దులను సవరించింది. పి.హెచ్. 7, ఉష్ణోగ్రత 20 డిగ్రీల వద్ద స్వల్పకాలానికి లీటరుకు 17 మిల్లీగ్రాములు, దీర్ఘకాలానికి 1.9 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని మించరాదని నిర్ణయించింది. చేపలను బట్టి కాక, వాటికన్నా సున్నితమైన మంచినీటి ఆల్చిప్పలను దృష్టిలో ఉంచుకొని ఈ హద్దులను బిగించారు. మన కాలువల నీరు 20 డిగ్రీల కన్నా వెచ్చనిది, క్షారగుణం ఎక్కువ గలది, కావున ఇక్కడ ప్రమాదం ఇంకా తక్కువ మోతాదు వద్దనే మొదలవుతుంది. 25 డిగ్రీల వద్ద పి.హెచ్. 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన వాయురూపం అర శాతం మాత్రమే. పి.హెచ్. 8 వద్ద అది అయిదు శాతం దాటుతుంది, 9 వద్ద మూడో వంతుకు మించుతుంది.

వరి మడిలో నిలిచిన నీటి పి.హెచ్. మధ్యాహ్నపు ఎండలో శైవలాల కిరణజన్య సంయోగక్రియ వల్ల 9 వరకు, ఒక్కొక్కప్పుడు అంతకుమించి కూడా పెరుగుతుంది. అటువంటి నీటిపై యూరియా చల్లితే తరువాతి మూడు నుంచి అయిదు రోజులలో నీటిలోని అమ్మోనియం గరిష్ఠస్థాయికి చేరుతుంది. ఆ రోజులలో గట్టు తెంచి వదిలిన నీరు రైతుకు ఎరువు నష్టం, కాలువ అడుగున ఉన్న ఆల్చిప్పకు విషం. పిల్ల ఆల్చిప్పలు పెద్దవాటికన్నా త్వరగా చనిపోతాయి. పెద్దవి కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి నష్టం చాలా ఏళ్ళ వరకు బయటపడదు.

పిల్లల సంగతి వచ్చింది గనుక ఒక మాట. ఆల్చిప్ప డింభకం చేప మొప్పలకు, రెక్కలకు అంటుకొని కొన్నాళ్ళు పరాన్నజీవిగా గడిపి, ఆ తరువాతనే బురదలోకి జారి స్వతంత్రంగా బ్రతుకుతుంది. చేప ఎక్కలేని చోటికి ఆల్చిప్ప కూడా చేరలేదు. శిలీంధ్రానికి ఈ బాధ లేదు, దాని సిద్ధబీజాలు గాలిలో పోతాయి. ఒకసారి నశించిన చోటికి మొదటిది మళ్ళీ చేరడం కష్టం, రెండవది ఒక్క వర్షాకాలంలో తిరిగి వస్తుంది. రక్షణ చర్యలలో దేనికి ముందుగా ప్రాధాన్యం ఇవ్వాలన్న ప్రశ్న వస్తే నేను ఆల్చిప్ప పక్షం వహిస్తాను.

ఎండ, రాగి, మాంగనీసు

వేసవిని దాటవేయడంలో రెండింటికీ పోలిక ఉంది. షైజోఫిల్లం ఎండినప్పుడు టోపీ అడుగు మడతలను ముడుచుకొని నిద్రావస్థలోకి పోతుంది. మూడు దశాబ్దాలకు పైగా ఎండి ఉన్న నమూనాలు తడి తగలగానే విచ్చుకున్న దాఖలా ఉంది. చెరువు ఎండితే ఆల్చిప్ప బురదలోకి దిగి, చిప్పలు బిగించి, ప్రాణవాయువు లేకుండా జరిగే నిదానపు జీవక్రియపై నెలల తరబడి నిలుస్తుంది. అప్పుడు దేహంలో చేరే ఆమ్లాన్ని తన పెంకులోని సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగించుకొని తటస్థపరచుకుంటుంది. ఆమ్ల నేలకు మనం సున్నం వేసే సూత్రమే ఇది.

రాగి విషయంలో విచిత్రమైన పరిస్థితి ఉన్నది. శిలీంధ్రపు లాకేజ్ ఎంజైములో నాలుగు రాగి పరమాణువులు ఉంటాయి. రాగి లేనిదే అది పనిచేయదు. మోతాదు మించితే అదే రాగి శిలీంధ్రనాశిని. పత్తిలో ఎండు తెగులుకు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపడం మనకు తెలిసినదే. నీటి జీవులలో రాగికి మిక్కిలి సున్నితమైనవాటిలో పిల్ల ఆల్చిప్పలు ఒకటి. మందు కలిపిన డబ్బాలను, స్ప్రేయర్లను కాలువలో కడగడం మానితే ఈ ప్రమాదంలో పెద్ద భాగం తొలగుతుంది. ఇందుకు ఖర్చేమీ లేదు.

మాంగనీసు తెల్ల కుళ్ళు శిలీంధ్రపు ఒకానొక పెరాక్సిడేజ్‌కు పనిముట్టు. మంచినీటి ఆల్చిప్పలు దానిని మొప్పలలోని కాల్షియం ఫాస్ఫేట్ రేణువులలో దాచిపెట్టుకుంటాయి. నీరు నిలిచిన వరి నేలలో మాంగనీసు కరిగి బయటికి వస్తుందన్నది సేద్యశాస్త్ర విద్యార్థికి తొలి పాఠాలలో ఒకటి. ఈ మూలకం నేలలో, మొద్దులో, మొప్పలో చేసే ప్రయాణం స్నాతకోత్తర పరిశోధనకు మంచి అంశం కాగలదు.

పత్తి కట్టె, మడి నీరు

పత్తి కట్టె రసాయనికంగా గట్టి కలపకు దగ్గరగా ఉంటుంది. లిగ్నిన్ దానిలోనూ దాదాపు నాలుగో వంతు. నత్రజని మాత్రం కలపలో కన్నా ఎక్కువ. కర్బన–నత్రజని నిష్పత్తిని 70గా తీసుకొని ఒక టన్ను ఎండు కట్టెకు లెక్క వేద్దాం. అందులో కర్బనం 450 కిలోలు, నత్రజని సుమారు 6.4 కిలోలు. తొలి పంటకాలంలో సగం కుళ్ళిందనుకుంటే 225 కిలోల కర్బనం, 3.2 కిలోల నత్రజని విడుదలవుతాయి. ఆ కర్బనంలో 40 శాతం, అనగా 90 కిలోలు, శిలీంధ్రాల దేహంగా మారుతుందనుకుందాం. పది పాళ్ళకు ఒక పాలు చొప్పున వాటికి 9 కిలోల నత్రజని కావాలి. లోటు సుమారు 6 కిలోలు. ఈ లోటును శిలీంధ్రాలు నేల నుంచి లాగుకుంటాయి. యూరియాగా అది 13 కిలోలు.

కట్టెను దున్నిన చేలో తొలి నెలలో పైరు పాలిపోవడానికి కారణం ఇదే. పాఠ్యపుస్తకాలలో దీనిని నత్రజని స్థిరీకరణ దోషంగా చెబుతారు. ఆ మాట నాకు సగమే సరియైనదిగా తోస్తుంది. ఖానాపూర్ ప్రాంతంలో వర్షంలో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలలోనే కురుస్తుంది. పైరు వేళ్ళు ఇంకా చిన్నవిగా ఉన్న జూలైలో నేలలోని నైట్రేట్ వానతో వాగులకు, వాగుల నుంచి కడెం నదికి, గోదావరికి పోతుంది. ఆ వేళ శిలీంధ్రం పట్టి ఉంచిన నత్రజని చేలోనే మిగులుతుంది. తంతువులు చచ్చి కరిగినప్పుడు కొంత తిరిగి పైరుకు అందుతుంది. దున్నేటప్పుడు టన్ను కట్టెకు 13 కిలోల యూరియా అదనంగా ఇస్తే పైరుకు లోటు రాదు. అంతకు మించి ఇవ్వవలసిన అవసరం లేదు, లిగ్నిన్ విచ్ఛిన్నంపై పైన చెప్పిన నిరోధం కూడా ఉంది. పై అంకెలు నిష్పత్తిని బట్టి మారతాయి. కట్టెను విశ్లేషించుకున్న చోట సొంత అంకెతో లెక్క వేసుకోవాలి.

కట్టెను కాల్చితే నత్రజనిలో అధికభాగం పొగతో పోతుంది. అయితే కాల్చే రైతు కారణం లేకుండా కాల్చడం లేదు. గులాబీ రంగు కాయతొలుచు పురుగు ఎండు కాయలలో, గుడ్డి కాయలలో దాగి మరుసటి పంటకు సాగుతుంది. కట్టెను చేనిగట్టుపై గుట్టగా ఉంచడం కాల్చడం కన్నా హానికరం. చివరి తీత కాగానే, పంటను ఇంకా సాగదీయకుండా, ముక్కలు చేసే యంత్రంతో కట్టెను సన్నగా కత్తిరించి నేలలో కలియదున్నాలి. ముక్క ఎంత సన్నగా ఉంటే తంతువుకు అంత ఉపరితలం, పురుగుకు అంత తక్కువ చాటు. ఎండిన నేలలో కుళ్ళు సాగదు, కలిపిన కట్టె తొలకరి తడితోనే కదులుతుంది. కొంత కట్టెను ముక్కలు చేసి ముత్యపు చిప్ప పుట్టగొడుగుల పెంపకానికి కూడా వాడవచ్చు. పంట తీసిన తరువాత మిగిలిన పదార్థంలో లిగ్నిన్ తగ్గి ఉంటుంది కనుక అది కంపోస్టుకు అనువైనది.

వరి విషయంలో సిఫారసు పాతదే, దానికి ఒక కొత్త కారణం చేరింది. యూరియా వేసే ముందు నీటిని తీసివేసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తరువాత తిరిగి నీరు పెట్టాలి. ఎరువు వేసిన తరువాత కనీసం వారం రోజులు మడి నీరు కాలువలోకి పోకుండా గట్లు చూసుకోవాలి. భారీ వాన సూచన ఉంటే యూరియాను వాయిదా వేయాలి. కాలువ చివరి భూములలో ఒకరి మడి మురుగు మరొకరి మడికి సాగునీరు కనుక, ఈ జాగ్రత్త పక్క రైతు ఎరువు లెక్కకు కూడా సంబంధించినది.

వేసవిలో కాలువ కట్టివేసి పూడిక తీసేటప్పుడు యంత్రం ఎత్తిన మట్టిలో ఆల్చిప్పలు గట్టుపైకి వచ్చి పడతాయి. చిప్పలు గట్టిగా బిగుసుకొని ఉన్నవి బ్రతికి ఉన్నట్లు. నోరు తెరిచి ఉండి, తాకినా మూసుకోనివి చనిపోయినవి. బ్రతికినవాటిని ఎండ తగలకుండా తడి గోనెసంచిలో ఉంచి, అదే రోజు సాయంత్రానికి అదే కాలువలో నీరు నిలిచిన మడుగులో, లేకుంటే ఆ కాలువ నింపే చెరువు అంచున లోతులేని బురదలో వదలాలి. దూరపు నీటిలోకి తరలించరాదు.